జామీను సంతకం పెట్టేముందు అన్నయ్య సిబిల్ రిపోర్టు అడగడం తప్పా?

తర్వాత చదివేవాళ్లకి కూడా అర్థం కావాలి కాబట్టి మీ ప్రశ్నని ముందు క్లుప్తంగా రాస్తున్నాను. మీరు ప్రభుత్వ టీచరు. మీ పెద్దమ్మగారి అబ్బాయి 10 లక్షల చీటీ పాడుకున్నారు. ష్యూరిటీ సంతకం పెట్టమని, శాలరీ సర్టిఫికెట్ ఇవ్వమని మిమ్మల్ని అడిగారు. "నీ సిబిల్ రిపోర్టు (అప్పులు, వాయిదాల చరిత్ర చూపే కాగితం) ఒకసారి చూపించు అన్నయ్యా" అని మీరంటే ఆయన నొచ్చుకుని, చెల్లెలే నమ్మకపోతే ఇంకెవరు నమ్ముతారని మీ అమ్మగారికి ఫోన్ చేశారు. ఇదే వారంలో మీ స్కూల్లోని ఇంకో టీచర్ తీసుకున్న యాప్ లోన్ గురించి ఎవరో మీకు రోజూ ఫోన్ చేసి, ఆయన చేత కట్టించమని దబాయిస్తున్నారు. మీరు అడిగినవి మూడు. అన్నయ్య రిపోర్టు అడగడం ఆయన ప్రైవసీలో వేలు పెట్టడమా? మన అప్పుల చరిత్రంతా కంపెనీల దగ్గర పోగుపడి ఉండటం న్యాయమేనా? ఆ ఫోన్లు చేసేవాళ్లని ఏం చేయాలి?

బ్యాంకులో నా సర్వీసు ఎక్కువ భాగం అప్పుల విభాగంలోనే గడిచింది. మొదట డ్వాక్రా గ్రూపుల లోన్లు, తర్వాత ఇళ్ల లోన్లు, చివర్లో మొండి బాకీల వసూలు చూశాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఒక మనిషి బాకీ కట్టకపోతే ఎవరి డబ్బు పోతుందో, వాళ్లకి ఆ మనిషి లెక్కలు చూసే హక్కు ఉంది. అది కూడా తమ డబ్బు పోయే మేరకే. దమ్మిడీ పోనివాళ్లకి ఆ హక్కు లేదు. చూసినవాళ్లు దాన్ని నలుగురిలో పెట్టకూడదు. ఇక ఒకరి పేరు పక్కన "బాకీ ఎగ్గొట్టాడు" అని రాసినవాళ్లు, ఆ రాత తప్పయితే జవాబుదారీ కావాలి. మీ మూడు ప్రశ్నలకీ నేను ఇక్కడినుంచే జవాబు చెప్తాను.

ముందు సంతకం సంగతి. "ఊరికే ఫార్మాలిటీ" అని అందరూ అంటారు గానీ చట్టం అలా చూడదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరే మాట రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాళ్ల బాధ్యత ఎంతో జామీను ఉన్నవాళ్లదీ అంతే. ముందు అసలు మనిషి ఆస్తి అమ్మించి, అప్పటికీ చాలకపోతేనే జామీనుదారు దగ్గరికి రావాలన్న నియమం లేదని సుప్రీంకోర్టు ఎప్పుడో తేల్చేసింది.

లెక్క వేసి చూడండి. 10 లక్షల చీటీ అంటే నెలకి 20 వేల చొప్పున 50 నెలలు అనుకుందాం. ఆయన 8వ నెలలో పాడుకున్నారనుకుంటే ఇంకా 42 వాయిదాలు ఉన్నాయి. డివిడెండ్ (పాటలో మిగిలిన సొమ్ములో సభ్యులకి పంచే వాటా) వల్ల కొంత తగ్గుతుంది, కానీ వాయిదా తప్పినవాళ్లకి ఆ డివిడెండ్ ఇవ్వని షరతు చాలా కంపెనీల్లో ఉంటుంది. కాబట్టి మీ సంతకం విలువ 8 లక్షల 40 వేలు అనే అనుకోండి. ఆయన కట్టడం ఆపేస్తే కేసు చిట్ రిజిస్ట్రార్ దగ్గరికి వెళ్తుంది. అక్కడ అవార్డు (తీర్పు) వచ్చాక, దాన్ని అమలు చేయించుకునే దశలో మీ జీతం బిల్లు చేసే అధికారికి (డీడీఓ) జీతం అటాచ్‌మెంట్ ఉత్తర్వు, అంటే జీతంలోంచి కోసి కట్టమనే ఆదేశం, రావచ్చు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ మీ జీతంలో మొదటి 1,000 రూపాయలకీ, మిగిలినదాంట్లో మూడింట రెండు వంతులకీ రక్షణ ఇస్తుంది. ఒకే డిక్రీ కింద 24 నెలలకి మించి అటాచ్ చేయనివ్వదు కూడా. అంత రక్షణ ఉన్నా, రెండేళ్లపాటు దాదాపు మూడో వంతు జీతం రాకపోతే మీ ఇంట్లో ఏం జరుగుతుందో మీకే తెలుసు.

నలుగురు ష్యూరిటీలు ఉన్నారు కదా, నా మీద నాలుగో వంతే పడుతుందిలే అనుకోవద్దు. కంపెనీ నలుగురిలో ఎవరి దగ్గరైనా మొత్తం వసూలు చేసుకోవచ్చు. ట్రెజరీ నుంచి నెలనెలా జీతం వచ్చే మనిషి దగ్గర వసూలు సులువు, అందుకే ప్రభుత్వ ఉద్యోగి సంతకానికి అంత గిరాకీ. మీరు కట్టేశాక మిగతా ష్యూరిటీల నుంచి వాళ్ల వాటాలు, అన్నయ్య నుంచి మొత్తం సొమ్ము రాబట్టుకునే హక్కు చట్టం మీకు ఇస్తుంది. కాకపోతే దానికి మీరే కోర్టు మెట్లెక్కాలి, అదీ పెద్దమ్మ కొడుకు మీద.

ఇంత బరువు మీ నెత్తిన పెడుతున్న మనిషిని "నీ బాకీలెన్ని?" అని అడిగితే అది ప్రైవసీలోకి చొరబడటం ఎలా అవుతుంది? ఆయన ఆ సంతకం అడిగిన రోజే ఆయన అప్పుల్లో మీకు వాటా వచ్చేసింది. అడగండి. అడిగినందుకు నొచ్చుకోవద్దని మీ అమ్మగారి చేత కూడా చెప్పించండి.

అయితే ఎలా అడగాలన్నది ముఖ్యం. "నీ పాన్ నంబరు, ఓటీపీ పంపు, నేనే తీసి చూస్తాను" అనకండి. రిపోర్టు పీడీఎఫ్ వాట్సాప్‌లో పంపమనీ అనకండి. అందులో ఆయన పాన్, పుట్టిన తేదీ, పాత చిరునామాలు, ఫోన్ నంబర్లు అన్నీ ఉంటాయి. అది ఒక్కసారి ఫ్యామిలీ గ్రూపులో పడిందంటే వెనక్కి తీసుకోలేరు. ఆయన్నే తన ఫోన్లో తీయమనండి. దేశంలో నాలుగు క్రెడిట్ సమాచార కంపెనీలున్నాయి: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ఒక్కోటీ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది, 2017 జనవరి నుంచి అది అమల్లో ఉంది. తన రిపోర్టు తాను చూసుకుంటే స్కోరు తగ్గుతుందన్నది ఉత్త అపోహ. మనంతట మనం అప్పుకి దరఖాస్తు పెట్టినప్పుడు బ్యాంకు చూస్తే దాని ప్రభావం కొంత ఉంటుంది, సొంతంగా చూసుకుంటే ఏమీ ఉండదు.

ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చూడండి. 300 నుంచి 900 మధ్య ఉండే ఆ స్కోరు దగ్గరే ఆగిపోకండి, మీకు కావాల్సింది దాని కిందే ఉంది. ప్రతి లోనుకీ నెలలవారీగా చిన్న చిన్న గళ్లు ఉంటాయి, 36 నెలల దాకా. గడిలో 000 అని ఉంటే ఆ నెల వాయిదా టైముకి పడిందన్న మాట. 030 అని ఉంటే 30 రోజులు ఆలస్యం. ఎక్స్‌ఎక్స్‌ఎక్స్ అని ఉంటే ఆ నెల సమాచారం బ్యాంకు పంపలేదని అర్థం, అది ఆయన తప్పు కాదు. ఎప్పుడో మూడేళ్ల కింద ఒక 030 కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, ఇంట్లో ఎవరికో ఆపరేషన్ అయి ఉండొచ్చు. గత ఆరు నెలల్లో 000, 025, 041, 063 అని వరసగా పెరుగుతూ ఉంటే మాత్రం కలం కింద పెట్టేయండి. ఏదైనా లోన్ పక్కన "సెటిల్డ్" అని ఉంటే పూర్తిగా కట్టలేదని, బ్యాంకు కొంత వదులుకుని ముగించిందని అర్థం. ప్రతి ఖాతాలో ఓనర్‌షిప్ అని ఒక మాట ఉంటుంది, అక్కడ "గ్యారంటార్" అని ఉందేమో చూడండి. ఆయన ఇప్పటికే ఇంకెవరికో జామీను ఉన్నారేమో అక్కడే తెలుస్తుంది. చివర్లో ఎంక్వైరీల జాబితా ఉంటుంది. రెండు మూడు నెలల్లో ఏడెనిమిది చోట్ల పర్సనల్ లోనుకి ప్రయత్నించి ఉంటే, ఆయన చేతిలో డబ్బు లేక తిరుగుతున్నారని తెలిసిపోతుంది. రిపోర్టులో మిగతాదంతా మీకు అనవసరం. ఫోన్ ఏ ఫైనాన్సులో కొన్నారు, క్రెడిట్ కార్డు మీద ఎంత వాడారు లాంటివి గుచ్చి గుచ్చి అడగకండి.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. మీరు జామీను ఉంటున్నది చీటీకి, కానీ చీటీ బాకీలు సాధారణంగా సిబిల్ రిపోర్టులోకి రావు. ప్రోనోటు మీద తెచ్చిన అప్పులు, నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చినవి, ఊళ్లో చేబదుళ్లు, ఇవేవీ అందులో ఉండవు. మన వైపు మధ్యతరగతి అప్పుల్లో చాలా భాగం వీటిలోనే తిరుగుతుంది. కాబట్టి స్కోరు 780 ఉందని నిశ్చింతగా ఉండొద్దు. ఇంకా ఏమేం చీటీలు కడుతున్నారు, వాటిలో పాడేసినవి ఎన్ని, ఎవరికైనా ప్రోనోటు రాసిచ్చారా అని నోటితోనే అడగాలి. చీటీ పాస్‌బుక్కులు చూపించమనాలి. అసలు ఈ 10 లక్షలు దేనికో కూడా అడగండి. కూతురి ఇంజనీరింగ్ ఫీజుకి పాడటం వేరు, పాత చీటీ వాయిదాలు కట్టడానికి కొత్త చీటీ పాడటం వేరు.

మీ లెక్క కూడా ఆయన ముందు పెట్టండి అని నా సలహా. "నాకు హౌసింగ్ లోన్ ఇంత ఉంది, జీతంలో చేతికొచ్చేది ఇంత, నువ్వు కట్టకపోతే మా ఇంట్లో ఆగిపోయేది ఇది" అని చెప్పండి. అప్పుడు అది విచారణలా ఉండదు. చూశాక ఆ విషయం మీ ఇద్దరి మధ్యే ఉండాలి. సంతకం పెట్టకూడదని మీరు నిర్ణయించుకున్నా సరే, "వాడికి ఇన్ని అప్పులున్నాయట" అన్న మాట మీ అమ్మగారి దగ్గరికి కూడా వెళ్లకూడదు. నావల్ల కాదు అన్న ఒక్క మాట చాలు, కారణం చెప్పాల్సిన పనిలేదు. ఆయన చూపించనే చూపించనంటే అది ఆయన హక్కు, సంతకం పెట్టకపోవడం మీ హక్కు. సంతకం పెడితే మాత్రం ష్యూరిటీ ఒప్పందం జిరాక్సు తీసుకోండి. వాయిదా తప్పిన నెలలోనే మీకు తెలియజేయమని కంపెనీకి ఒక ఉత్తరం రాసి, అందినట్టు ముద్ర వేయించుకోండి. ఎనిమిది వాయిదాలు పోయాక తెలిసేకన్నా, ఒకటి పోయినప్పుడే తెలిస్తే ఆయన్ని దారిలో పెట్టే అవకాశం ఉంటుంది.

రెండో ప్రశ్నకి వస్తాను. దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే ఇది నా మనసుకి దగ్గరైన విషయం.

డ్వాక్రా సంఘంలో పది నుంచి పదిహేను మంది ఆడవాళ్లు ఉంటారు. మీటింగు రోజు గుండ్రంగా కూర్చుంటారు. మధ్యలో మినిట్స్ బుక్కు, పక్కన పాస్‌బుక్కుల కట్ట. బుక్‌కీపరు ఒక్కొక్కరి పేరు చదివి, పొదుపు ఎంత, బాకీ ఎంత, ఈ నెల కట్టింది ఎంత అని పైకి చెప్పి రాస్తుంది. అందరూ సంతకమో వేలిముద్రో వేస్తారు. అక్కడ దాపరికమే లేదు. దాన్ని ఎవరూ అవమానంగా తీసుకోరు, ఎందుకంటే ఒకరు కట్టకపోతే బ్యాంకు అడిగేది అందరినీ. పైగా లెక్క చదివేటప్పుడే "ఆమెకి ఈ నెల కూలి దొరకలేదు, వచ్చే నెల కడుతుంది, మనం సర్దుదాం" అనే మాట కూడా వస్తుంది. బాకీ తెలిసినవాళ్లకి బాకీ ఎందుకు పడిందో కూడా తెలుసు. ఆ పుస్తకం మళ్లీ బీరువాలోకి వెళ్లిపోతుంది, వీధిలోకి రాదు. సంఘాల్లో వసూళ్లు అంత బాగా ఉండటానికి కారణం ఈ పద్ధతేనని నేను గట్టిగా నమ్ముతాను.

అదే మహిళల దగ్గరికి తర్వాత ప్రైవేటు మైక్రోఫైనాన్స్ కంపెనీలు వచ్చాయి. పైకి పద్ధతి అదే, గ్రూపు, సెంటరు మీటింగు. కానీ ఒకే మనిషికి మూడు నాలుగు కంపెనీలు అప్పులిచ్చాయి, ఒకరు ఇచ్చింది ఇంకొకరికి కనిపించదు. చూడాల్సినవాళ్లు చూడలేకపోయారు. వసూలు దగ్గరికొచ్చేసరికి సరిగ్గా దీనికి తలకిందులు, చూడనక్కర్లేని వీధివీధంతా చూసింది. ఏజెంట్లు వచ్చి ఇంటి ముందు కూర్చునేవాళ్లు, గ్రూపు సభ్యుల్నే ఆమె మీదికి ఉసిగొల్పేవాళ్లు. ఆత్మహత్యల వార్తలు వచ్చాక 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వాయిదాలు ఇంటి దగ్గర వసూలు చేయకూడదు, పంచాయతీ ఆఫీసులోనో కలెక్టరు చెప్పిన బహిరంగ స్థలంలోనో కట్టించుకోవాలని అందులో పెట్టారు. దాంతో వసూళ్లు కుప్పకూలాయి. దీన్ని పరిశీలించడానికి రిజర్వు బ్యాంకు మాలేగాం కమిటీ వేసింది. 2011 చివర్లో కొత్త నియమాలు వచ్చాయి: ఒకే మనిషికి రెండు సంస్థలకి మించి అప్పు ఇవ్వకూడదని (ఈ పరిమితి 2022 దాకా ఉంది), అది తెలుసుకోవడానికి కంపెనీలు క్రెడిట్ బ్యూరోలో, అంటే సిబిల్ లాంటి కంపెనీలో, చేరాలని.

అందుకే, మన చరిత్ర ఒక కంపెనీ దగ్గర ఉండటం న్యాయమేనా అంటే, ఉండాలనే నేనంటాను. అప్పిచ్చేవాడికి నిజం కనిపించకపోతే కట్టగలిగినవాళ్లకీ కట్టలేనివాళ్లకీ ఒకటే వడ్డీ వేస్తాడు. కట్టలేని మనిషి నెత్తిన ఇంకో అప్పు పెడతాడు. సిబిల్ 2000లో మొదలైంది, దానికి 2005లో ప్రత్యేక చట్టం వచ్చింది. ఆ చట్టం ప్రకారం మీ రిపోర్టు ఎవరు పడితే వాళ్లు తీయకూడదు. 2023 అక్టోబరులో రిజర్వు బ్యాంకు ఇంకో మంచి పని చేసింది. ఎవరైనా మీ రిపోర్టు తీస్తే మీకు ఎస్సెమ్మెస్సో మెయిలో రావాలని చెప్పింది. మీ మొబైల్ నంబరు బ్యాంకులో సరిగ్గా ఉందో లేదో చూసుకోండి, లేకపోతే ఆ అలర్ట్ ఎక్కడికో పోతుంది.

నా బాధ రాతల దగ్గర. ఊళ్లలో ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఉన్నవాళ్లు ఎంతమంది! కె. వెంకటేశ్వర్లు అని పాత పంటరుణాల లెడ్జరులో నలుగురు కనిపిస్తారు, పాన్ నంబర్లు లేని రోజులవి. ఒకరి బాకీ ఇంకొకరి రిపోర్టులో చేరిన కేసులు నేను చూశాను. ఆ మనిషి కొడుకు చదువుకి లోన్ అడిగితే కంప్యూటర్ "డిఫాల్టర్" అంటుంది. బ్రాంచిలో అడిగితే సిబిల్‌ని అడగమంటారు, సిబిల్ వాళ్లు బ్యాంకుని అడగమంటారు. ఇంకో రకం కూడా ఉంది. 2014లో రెండు రాష్ట్రాల్లోనూ రుణమాఫీ ప్రకటించాక, మాఫీ అవుతుందని చెప్పిన మాట నమ్మి రైతులు రెన్యువల్ చేసుకోకుండా ఆగారు. మాఫీ డబ్బు విడతలవారీగా వచ్చింది, ఈలోపు ఖాతాలు గడువు దాటాయి. గడిలో పడేది ఆలస్యమైన రోజుల సంఖ్య ఒక్కటే. ప్రభుత్వం మాట నమ్మి ఆగాడని రాయడానికి ఆ గడిలో చోటు లేదు. సంఘం మీటింగులో ఒక ఆడమనిషి నోరు తెరిచి చెప్పే ఆ రెండో వాక్యం, ఎందుకు కట్టలేకపోయిందన్న మాట, ఈ పద్ధతిలో పోయింది. క్రెడిట్ బ్యూరోల మీద నాకున్న అసలైన ఫిర్యాదు ఇదే. ఆ చరిత్ర కనీసం ఏడేళ్లు ఉంటుందని గుర్తుపెట్టుకుంటే దాని బరువు తెలుస్తుంది.

తప్పు రాతకి ఇప్పుడు మందు ఉంది, వాడుకోండి. క్రెడిట్ కంపెనీ సైట్లో ఫిర్యాదు పెట్టండి, అదే కాపీ బ్యాంకుకీ ఇవ్వండి. కంపెనీ తనంతట తాను దిద్దదు, అప్పిచ్చిన సంస్థ ఒప్పుకోవాలి. అందుకే బ్యాంకు దగ్గర ఎకనాలెడ్జ్‌మెంట్ తీసుకోవడం ముఖ్యం. మొత్తం 30 రోజుల్లో తేల్చాలి. దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలని 2024 ఏప్రిల్ నుంచి నియమం ఉంది. బ్యాంకు తనకి ఇచ్చిన 21 రోజుల్లో దిద్ది పంపకపోతే ఆ సొమ్ము బ్యాంకు ఇవ్వాలి, బ్యాంకు పంపాక కూడా తేల్చకపోతే క్రెడిట్ కంపెనీ ఇవ్వాలి. అప్పటికీ కదలకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి (ఫిర్యాదులు విచారించే అధికారికి) రాయొచ్చు, 2022 సెప్టెంబరు నుంచి క్రెడిట్ కంపెనీలు కూడా ఆ పరిధిలోకి వచ్చాయి. రోజుకి వంద రూపాయలు చిన్న మొత్తమే, నాకూ తెలుసు. కానీ రాసినవాడు తన రాతకి డబ్బు కట్టాల్సి రావడం ఈ రంగంలో పెద్ద మార్పు.

ఇదే సూత్రం పైవాళ్లకి కూడా వర్తించాలి. కోటి రూపాయలు దాటిన బాకీలకి బ్యాంకులు కోర్టుకెళ్లిన ఖాతాలు, 25 లక్షలు దాటిన ఉద్దేశపూర్వక ఎగవేతదారుల కేసులు, క్రెడిట్ కంపెనీల సైట్లలో ఎవరైనా చూడొచ్చు. డిఫాల్టర్ల వివరాలు గోప్యం అని రిజర్వు బ్యాంకు వాదిస్తే, సమాచార హక్కు కింద ఇవ్వాల్సిందేనని 2015 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. నాకది సబబుగానే అనిపిస్తుంది. ప్రభుత్వ బ్యాంకులో వందల కోట్లు మునిగితే ఆ నష్టం పూడ్చేది మనందరి పన్నుల డబ్బు, కాబట్టి చూసే హక్కు అందరికీ ఉంది. 20 వేల యాప్ లోన్ ఆగితే మీ స్టాఫ్ రూముకి నయాపైసా నష్టం లేదు, కాబట్టి స్టాఫ్ రూముకి తెలియాల్సిన అవసరమూ లేదు. మన దగ్గర చాలాసార్లు దీనికి తలకిందులుగా జరుగుతుంది.

ఈ మధ్య పెళ్లి సంబంధాల్లో కూడా సిబిల్ అడుగుతున్నారని వింటున్నాను. అమ్మాయీ అబ్బాయీ ఒకరి లెక్కలు ఒకరు చూసుకుంటే మంచిదే, రేపు కలిసి బతికేది వాళ్లే. మధ్యవర్తి మేనమామ చేతిలో ఆ కాగితం ఎందుకు?

ఇక మీకొస్తున్న ఫోన్లు. రిఫరెన్స్‌గా మీ నంబరు ఇచ్చినంత మాత్రాన మీరు జామీనుదారు అయిపోరు. మీరు ఒక్క రూపాయి కూడా కట్టాల్సిన పనిలేదు. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోండి. మన చట్టంలో నోటి మాటతో ఇచ్చిన జామీను కూడా చెల్లుతుంది. వదిలించుకోవడానికి "సరే, నేను చూసుకుంటాలెండి" లాంటి మాట ఫోన్లో అనకండి, వాళ్లు రికార్డు చేస్తుంటారు. "ఈ అప్పుతో నాకు సంబంధం లేదు, మళ్లీ చేస్తే ఫిర్యాదు చేస్తాను" అని ఒకసారి చెప్పి, సంస్థ పేరు, ఫోన్ చేసిన మనిషి పేరు అడిగి రాసుకోండి.

2020 చివర్లో హైదరాబాదులో యాప్ లోన్ల వేధింపులు, ఆత్మహత్యలు, అరెస్టులు జరిగాయి, గుర్తుండే ఉంటుంది. అప్పట్లో ఆ యాప్‌లు ఫోన్లోని కాంటాక్టులన్నీ లాక్కుని, అప్పు తీసుకున్న మనిషి ఫొటోని అందరికీ పంపేవి. ఆ కాంటాక్టుల్లో ఎవరూ జామీను ఉండలేదు, ఎవరి డబ్బూ పోవడం లేదు. వాళ్లకి తెలియజేయడంలో సిగ్గుపడేలా చేయడం తప్ప వేరే ప్రయోజనమే లేదు. ఆ తర్వాత 2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు డిజిటల్ లోన్ నియమాలు తెచ్చింది. అప్పు యాప్‌లు కాంటాక్టు లిస్టు, కాల్ లాగ్, ఫొటోలు, ఫైళ్లు ముట్టుకోకూడదు. అదే ఏడాది ఆగస్టులో వసూలు ఏజెంట్లకి కూడా గీత గీసింది. బాకీదారు కుటుంబ సభ్యుల్ని, రిఫరెన్స్ ఇచ్చినవాళ్లని, స్నేహితుల్ని వేధించకూడదు, నలుగురిలో అవమానించకూడదు. బాకీదారుకి అయినా సరే ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత వసూలు కోసం ఫోన్ చేయకూడదు. మీకొస్తున్న ఫోన్లు ఈ నియమానికి సూటిగా విరుద్ధం.

అప్పిచ్చింది రిజిస్టరైన సంస్థ అయితే, దాని సైట్లో ఫిర్యాదుల అధికారి మెయిల్ ఉంటుంది. కాల్ వచ్చిన తేదీలు, నంబర్లు, స్క్రీన్‌షాట్లు పెట్టి రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగ్గా లేకపోయినా, రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల పోర్టల్‌లో (సీఎంఎస్) అంబుడ్స్‌మన్‌కి పెట్టండి, ఖర్చేమీ ఉండదు. సంస్థ పేరే చెప్పకపోయినా, బూతులు తిట్టినా, ఫొటోలు మార్ఫింగ్ చేస్తామని బెదిరించినా, రిజర్వు బ్యాంకు దాకా వెళ్లి కూర్చోవద్దు. అది పోలీసు కేసు. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో నమోదు చేయండి.

మీ సహోద్యోగి సంగతి మర్చిపోకండి. మీకు ఫోన్లు వస్తున్నాయంటే ఆయనకి ఎన్ని వస్తున్నాయో ఊహించండి. ఈ విషయం స్టాఫ్ రూములో మిగతావాళ్ల ముందు ఎత్తకండి, హెచ్‌ఎంకి కూడా చెప్పకండి. ఆయన ఒంటరిగా ఉన్నప్పుడు, ఫోన్లు వస్తున్నాయని, వాళ్లకి ఆ హక్కు లేదని, ఫిర్యాదు ఎలా పెట్టాలో మీకు తెలుసని చెప్పండి. అప్పు ఎంత, ఎందుకు తీసుకున్నారు అని మాత్రం అడగొద్దు. ఆయన తనంతట తాను చెప్తే వినండి. ఫిర్యాదు ఆయన పేరు మీద ఒకటి, మీ పేరు మీద ఒకటి విడివిడిగా వెళ్తే బలంగా ఉంటుంది. డ్రాఫ్టు కావాలంటే వివరాలేవీ ఇక్కడ పెట్టకుండా అడగండి, నమూనా రాసి పెడతాను.